బావిలో మడ్‌ను తప్పించి సిమెంట్‌ను నిలపడం: 7 అంగుళాల కేసింగ్‌కి తొలి లెక్క నుంచి లాగ్ దాకా

కేసింగ్ (బావిలో దించే ఉక్కు గొట్టం) వెనకాల సిమెంట్ పోయడం అంత కష్టమైన పనేం కాదు. అక్కడ అప్పటికే తిష్ఠ వేసుక్కూర్చున్న డ్రిల్లింగ్ మడ్‌ను (తవ్వేటప్పుడు బావిలో తిప్పే బురద లాంటి ద్రవాన్ని) కదిలించడమే కష్టం. కదలకుండా ఉండిపోయిన మడ్ పక్క నుంచి సిమెంట్ పైకి పోతుంది. ఆ మడ్ చార ఎండి, కుంచించుకుని, గ్యాస్‌కో నీటికో దారి ఇస్తుంది. దీన్నే చానెల్ అంటాం. తర్వాత స్క్వీజ్ చేసి (పీడనంతో సిమెంట్ ఎక్కించి) పూడ్చాలంటే రిగ్గు రోజులు ఖర్చవుతాయి, పైగా గ్యారంటీ ఉండదు.

చెన్నైలో డెస్కు ముందు కూర్చుని కారైకాల్, నరిమణం వైపు బావులకీ, గోదావరి జిల్లాల బావులకీ సిమెంటింగ్ ప్రోగ్రామ్ రాసే తెలుగు ఇంజనీర్ల కోసం, ఐఐటీ మద్రాసు లాంటి చోట్ల చదివి కొత్తగా రిగ్గెక్కబోయేవాళ్ళ కోసం ఈ మార్గదర్శి. ఒకే ఉదాహరణ బావిని తీసుకుని, మొదటి నుంచి చివరి దాకా దాని లెక్కలతోనే నడుద్దాం.

ఉదాహరణ బావి

నిలువు బావి, లోతు 2500 మీటర్లు. 8½ అంగుళాల రంధ్రంలో 7 అంగుళాల, అడుగుకి 29 పౌండ్ల కేసింగ్. అంతకుముందు దిగిన 9⅝ అంగుళాల, 47 పౌండ్ల కేసింగ్ షూ (అడుగు కొస) 1500 మీటర్ల దగ్గర ఉంది. నీటితో పోలిస్తే మడ్ సాంద్రత 1.25, సిమెంట్ స్లర్రీ (నీటితో కలిపిన సిమెంట్) సాంద్రత 1.90. సిమెంట్ పైకొస 1300 మీటర్ల దగ్గర ఉండాలి, అంటే పాత కేసింగ్‌లోకి 200 మీటర్లు ఎక్కాలి. షూ నుంచి ఫ్లోట్ కాలర్ (సిమెంట్ వెనక్కి రాకుండా వాల్వు ఉండే ముక్క) దాకా రెండు జాయింట్లు, అంటే రెండు పైపులు, సుమారు 24 మీటర్లు. ఇది షూ ట్రాక్.

మీటరుకి లీటర్లలో కెపాసిటీలు: 7 అంగుళాల కేసింగ్ లోపల 19.38, ఓపెన్ హోల్ యాన్యులస్ (కేసింగ్‌కీ రంధ్రం గోడకీ మధ్య సందు) 11.78, రెండు కేసింగ్‌ల మధ్య 13.36. ఈ మూడు అంకెలూ ప్రోగ్రామ్ మొదటి పేజీలో పైనే ఉండాలి. రాత్రి మూడింటికి రిగ్గు మీద ఎవరో ఒకరికి అవి కావలసి వస్తాయి.

స్లర్రీ ఎంత కావాలి? ఓపెన్ హోల్ 1000 మీటర్లు, కాలిపర్ లాగ్ (రంధ్రం వ్యాసం కొలత) చూశాక 20 శాతం అదనం అనుకుంటే 14.14 ఘనపు మీటర్లు. పాత కేసింగ్‌లో 200 మీటర్లకి 2.67. షూ ట్రాక్‌కి 0.465. మొత్తం 17.3 ఘనపు మీటర్లు. క్లాస్ జి సిమెంట్‌ని 44 శాతం నీటితో కలిపితే టన్నుకి 0.757 ఘనపు మీటర్ల స్లర్రీ వస్తుంది. అంటే 22.8 టన్నుల సిమెంట్, 50 కిలోల బస్తాల లెక్కన 456 బస్తాలు, 10 ఘనపు మీటర్ల నీళ్ళు. సైలోలో అడుగున మిగిలిపోయేది, లైన్లలో ఉండిపోయేది వేరే కలుపుకోండి. అదనం శాతాన్ని అలవాటు కొద్దీ వేయడం చాలా చోట్ల కనిపిస్తుంది. కాలిపర్ ఉంటే కాలిపర్ చెప్పిందే వేయాలి. రంధ్రం ఒకచోట 10 అంగుళాలకి ఊడి, మిగతా అంతా గేజ్‌లో (బిట్ వ్యాసానికే) ఉంటే సగటు 20 శాతమే రావచ్చు. కానీ ఆ ఊడిన చోట మడ్ గడ్డకట్టి కూర్చుంటుంది. అసలు సమస్య అక్కడే.

మొదటి పని: మడ్‌ను కదిలేలా చేయడం

కేసింగ్ దించడానికి 24 గంటల ముందు ఆగిపోయిన మడ్, ఇప్పుడు తిరుగుతున్న మడ్ ఒకటి కాదు. ఆగిన మడ్‌కి జెల్ (కదలకుండా పట్టుకునే బలం) పెరుగుతుంది, నీరు ఫార్మేషన్‌లోకి (చుట్టూ ఉన్న రాతి పొరల్లోకి) జారుకుని గోడకి కేక్ పడుతుంది. ఆ కేక్ పక్కన సగం ఎండిన మడ్ పొర ఉంటుంది. దాన్ని సిమెంట్ ఒరుసుకుపోదు. దాన్ని ముందే మడ్‌తోనే ఒరుసుకుపోవాలి.

అందుకే కేసింగ్ దించేముందు ఆఖరి వైపర్ ట్రిప్‌లో ఒకసారి, కేసింగ్ అడుగుకి చేరాక మరోసారి కండిషన్ చేయాలి. సాంద్రత తగ్గించకూడదు. అది వెల్ కంట్రోల్ విషయం. చిక్కదనం మాత్రమే తగ్గించాలి: యీల్డ్ పాయింట్ 10 లోపు (100 చదరపు అడుగులకి పౌండ్ల లెక్కలో), 10 నిమిషాల జెల్‌కీ 30 నిమిషాల జెల్‌కీ మధ్య పెద్ద తేడా లేకుండా. 10 సెకన్ల జెల్ ఒక్కటే చూసి బాగుందని సంతకం పెట్టే మడ్ రిపోర్టులు చాలా కనిపిస్తాయి. సిమెంటింగ్‌కి పనికొచ్చేది 30 నిమిషాల అంకె. ఏటవాలు బావిలోనైతే మరీ పలచన చేస్తే బరైట్ కింది గోడ మీద పేరుకుంటుంది, కాబట్టి అక్కడ కాస్త ఆచితూచి తగ్గించాలి.

ఎంతసేపు తిప్పాలి? "రెండు బాటమ్స్ అప్" (అడుగున ఉన్న మడ్ రెండుసార్లు పైకి వచ్చేంత) అని ప్రోగ్రామ్‌లో రాసి వదిలేస్తే చాలదు. యాన్యులస్‌లో అసలు ఎంత మడ్ కదులుతోందో కొలవొచ్చు. దీన్ని ఫ్లూయిడ్ కాలిపర్ అంటారు. కేసింగ్ లోపలికి ఒక గుర్తు పంపండి: గుప్పెడు కార్బైడ్ (గ్యాస్ డిటెక్టర్ దగ్గర ఎసిటిలీన్‌గా తెలుస్తుంది), లేదా షేకర్ (మడ్‌ను వడగట్టే జల్లెడ) మీద కనిపించే ఊక, రంగు ఏదైనా. మన బావిలో కేసింగ్ లోపల 48.45 ఘనపు మీటర్లు, యాన్యులస్‌లో కాలిపర్ ప్రకారం 34.2. అంతా కదులుతుంటే గుర్తు 82.6 దగ్గర బయటికి రావాలి. 78 దగ్గరే వచ్చేసిందనుకోండి. అంటే యాన్యులస్‌లో 29.6 మాత్రమే కదులుతోంది, 86 శాతం. మిగతా 4.6 ఘనపు మీటర్లు ఎక్కడో గోడకో, ఊడిన గుంటల్లోనో ఆనుకుని ఉంది. ఇంకోసారి తిప్పి, మళ్ళీ గుర్తు పంపండి. అంకె పెరుగుతూ పోయి ఆగిపోయిందంటే ఆ పంపు వేగంతో ఇక అంతకంటే రాదు. వేగం పెంచండి, పైపు కదపండి. 90 శాతం కూడా దాటకుండా సిమెంట్ మొదలెట్టడం నా దృష్టిలో తొందరపాటే. రిగ్గు గంటలు ఆదా చేయడానికి అది సరైన చోటు కాదు.

గుర్తు పంపేటప్పుడు పంపు స్ట్రోకుకి అసలు ఎన్ని లీటర్లు ఇస్తోందో తెలిసి ఉండాలి. లేకపోతే ఈ 86 శాతం కూడా ఊహే. ఈ విషయం డిస్‌ప్లేస్‌మెంట్ దగ్గర మళ్ళీ వస్తుంది, అక్కడ ఇంకా ఖరీదుగా వస్తుంది.

కేసింగ్‌ని మధ్యలో నిలపడం

7 అంగుళాల కేసింగ్ 8½ రంధ్రంలో సరిగ్గా మధ్యలో ఉంటే చుట్టూ 19 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. ఒక పక్కకి వాలితే ఆ సందు ఒకవైపు సన్నబడి, మరోవైపు పెరుగుతుంది. సన్నవైపు మిగిలిన సందుని 19తో భాగిస్తే వచ్చే శాతమే స్టాండాఫ్. 70 శాతం స్టాండాఫ్ అంటే సన్నవైపు 13.3 మిల్లీమీటర్లు. 30 శాతం అంటే 5.7.

సన్నవైపు మడ్ కదలాలంటే ఎంత తోపు కావాలో ఒక మోటు లెక్క చేద్దాం. సందు రెండు గోడల మధ్య ఉంది కాబట్టి, మీటరుకి కావలసిన పీడనం అంటే జెల్ బలానికి రెండింతలు బై సందు వెడల్పు. జెల్ 25 పాస్కల్స్ (ఫీల్డ్ అంకెలో 52 దగ్గర) అనుకుంటే, 13.3 మిల్లీమీటర్ల సందుకి మీటరుకి 3.8 కిలోపాస్కల్స్ కావాలి. 5.7 మిల్లీమీటర్లకైతే 8.8. సిమెంట్‌కీ మడ్‌కీ ఉన్న బరువు తేడా నిలువు బావిలో ఇచ్చే తోపు మీటరుకి 6.4 కిలోపాస్కల్స్. మొదటి సందులో మడ్ లేస్తుంది. రెండో సందులో సిమెంట్ బరువొక్కటే చాలదు, ఘర్షణ కూడా కలవాలి. కానీ ద్రవం వెడల్పు వైపు హాయిగా పోతుంటే ఆ ఘర్షణ పెరగదు. బావి ఏటవాలు అయ్యేకొద్దీ ఈ బరువు సాయం కూడా తగ్గిపోతుంది. స్టాండాఫ్ గురించి ఇంత పట్టుబట్టేది ఇందుకే.

పాటించాల్సినవి:

- షూ ట్రాక్‌లో ప్రతి జాయింట్‌కీ ఒక సెంట్రలైజర్ (కేసింగ్‌ని మధ్యలో నిలిపే తొడుగు).
- ఉత్పత్తి పొరలకి పైనా కిందా 30 మీటర్ల దాకా ప్రతి జాయింట్‌కీ ఒకటి.
- మిగతా చోట సాఫ్ట్‌వేర్ ఇచ్చిన స్టాండాఫ్ 70 దాటేలా. బావి ఏటవాలు డేటా అసలైనదే పెట్టండి, ప్లాన్‌ది కాదు.
- పాత కేసింగ్ లోపల ఓవర్‌లాప్‌లో కూడా కొన్ని. చాలామంది ఇక్కడ వదిలేస్తారు.
- ఊడిన చోట బో స్ప్రింగ్ రకం, గేజ్‌లో ఉన్న చోట రిజిడ్ రకం. ఊడిన చోట రిజిడ్ పెడితే అది గోడని తాకదు, పని చేయదు.
- స్టాప్ కాలర్ స్క్రూలు బిగించారో లేదో ర్యాక్ మీదే చూడాలి. జారిపోయిన సెంట్రలైజర్లన్నీ ఒకచోటికి చేరితే కేసింగ్ అడుగుకి దిగకపోవచ్చు.

2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో 11 మంది ప్రాణాలు తీసిన మకాండో బావిలో 21 సెంట్రలైజర్లు కావాలని లెక్క వస్తే 6 మాత్రమే దింపారు. పూర్తి బాటమ్స్ అప్ కూడా తిప్పలేదు. ప్రమాదానికి ఇవి మాత్రమే కారణమని ఎవరూ అనలేదు గానీ, దర్యాప్తు నివేదికలు రెండింటినీ ఎత్తిచూపాయి.

పైపు కదలికకి సాటి వచ్చేది ఇంకొకటి లేదు. అనుమతి ఉంటే నిమిషానికి 10 నుంచి 20 చుట్లు తిప్పండి. లేదా 6 నుంచి 12 మీటర్ల మేర పైకీ కిందకీ, రెండు నిమిషాలకో సారి. తిప్పేటప్పుడు కనెక్షన్ టార్క్ పరిమితి చూడాలి, పైకీ కిందకీ ఆడించేటప్పుడు సర్జ్ పీడనం. కదపడం సాధ్యం కాదని ముందే తేలిపోతే ఆ లోటును స్టాండాఫ్‌తో, స్పేసర్‌తో పూడ్చుకోవాలి.

స్పేసర్: రెండు శత్రువుల మధ్య గోడ

బెంటొనైట్ మడ్‌లో సిమెంట్ కలిసిందంటే కాల్షియం బంకమట్టిని గడ్డకట్టిస్తుంది, ఆ మిశ్రమం రాగిసంకటి ముద్దలా అవుతుంది. బకెట్‌లో సగం సగం కలిపి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. ఇదే యాన్యులస్‌లో జరిగితే పంపు పీడనం ఒక్కసారిగా ఎగసి ఫార్మేషన్ పగులుతుంది. లేదా సిమెంట్ ఆ ముద్ద చుట్టూ దారి చేసుకుంటుంది.

అందుకే ఈ రెంటి మధ్య పంపే ద్రవమే స్పేసర్. దాని ఎంపికలో నాలుగు విషయాలు.

సాంద్రత: మడ్ కంటే కనీసం 10 శాతం ఎక్కువ, సిమెంట్ కంటే తక్కువ. మన బావిలో 1.50 సరిపోతుంది. బరువు క్రమం మడ్, స్పేసర్, సిమెంట్‌గా పెరగాలి.

చిక్కదనం: ఒక్కో ద్రవం ఇచ్చే ఘర్షణ ముందున్న దానికంటే 20 శాతం ఎక్కువ ఉండేలా. పలచటి ద్రవం చిక్కటి దాన్ని తోయబోతే మధ్యలోంచి వేళ్ళు చాచినట్టు చొచ్చుకుపోతుంది. ఫార్మేషన్ బలంగా ఉంటే టర్బులెంట్ ప్రవాహమే మేలు. కానీ మన కావేరి, గోదావరి బావుల్లో చాలాసార్లు ఆ వేగానికి ఫార్మేషన్ ఒప్పుకోదు. అప్పుడు ఈ క్రమబద్ధమైన లామినార్ పద్ధతి.

పరిమాణం: ఉత్పత్తి పొర ముందు నుంచి 10 నిమిషాలు స్పేసర్ ప్రవహించాలి. నిమిషానికి 0.8 ఘనపు మీటర్లు (5 బ్యారెళ్ళు) పంపుతుంటే 8 ఘనపు మీటర్లు. ఓపెన్ హోల్ యాన్యులస్‌లో ఈ వేగం సెకనుకి సుమారు 1.1 మీటర్లు.

అనుకూలత: మడ్-స్పేసర్ మిశ్రమాలను 95:5, 75:25, 50:50, 25:75, 5:95 నిష్పత్తుల్లో విస్కోమీటర్ మీద చూడాలి. స్పేసర్-సిమెంట్ కూడా అలాగే. ఏ మిశ్రమమూ రెండు మూల ద్రవాల కంటే విపరీతంగా చిక్కబడకూడదు. ఆయిల్ బేస్ మడ్ అయితే సర్ఫాక్టెంట్ కలిపి, లోహం నీటితో తడుస్తోందో లేదో ప్రత్యేకంగా పరీక్షించాలి. చమురు పూత ఉన్న కేసింగ్‌కి సిమెంట్ అంటదు. పరీక్షకి రిగ్గు నుంచి వచ్చిన మడ్ శాంపిలే వాడాలి. ల్యాబ్‌లో ఎవరో కలిపిన మడ్ కాదు.

స్పేసర్ ముందు నీళ్ళ వాష్ పెడతారు. మంచిదే. కానీ 3 ఘనపు మీటర్ల నీళ్ళు ఓపెన్ హోల్ యాన్యులస్‌లో సుమారు 210 మీటర్లు ఆక్రమిస్తాయి. ఆ మేరకు హైడ్రోస్టాటిక్ 5 బార్ తగ్గుతుంది. గ్యాస్ పొర పీడనం 1.20 సాంద్రతకి సమానంగా ఉంటే మన మార్జిన్ మొత్తం 12 బార్. అందులో సగానికి దగ్గర నీళ్ళ పాలు. గ్యాస్ బావిలో వాష్ పరిమాణం ఈ లెక్క చేశాకే.

స్లర్రీ

స్లర్రీ డిజైన్ మరో పెద్ద కథ, ఇక్కడ పని జరిగే చోట చెడేవి మాత్రం. థికెనింగ్ టైమ్ (స్లర్రీ పంపలేనంత చిక్కబడే సమయం) ఎంత కావాలి? స్లర్రీ కలిపి పంపడానికి 22 నిమిషాలు, ప్లగ్ (సిమెంట్ వెనక పంపే బిరడా) వదలడానికి 10, డిస్‌ప్లేస్‌మెంట్‌కి (మడ్‌తో సిమెంట్‌ను తోయడానికి) 65. మొత్తం 100 నిమిషాల లోపు. దాని మీద 90 నిమిషాల భద్రత. మూడు, మూడున్నర గంటలు చాలు. భయంతో ఏడెనిమిది గంటలు పెట్టించుకుంటే గట్టిపడేలోగా గ్యాస్ వచ్చేస్తుంది.

మిక్స్ వాటర్ విషయం. చెన్నైలో ఏసీ ల్యాబ్‌లో 25 డిగ్రీల నీళ్ళతో చేసిన పరీక్ష ఒకటి. మే నెలలో నాగపట్నం పక్కన ఎండలో నిలబడ్డ ట్యాంకులోని నీళ్ళు మరొకటి. వాటి వేడి, తీరప్రాంతపు బోరు నీళ్ళ ఉప్పు రెండూ థికెనింగ్ టైమ్‌ను మార్చేస్తాయి. పనికి ముందు రోజు ఆ ట్యాంకు నీళ్ళు, ఆ సైలో సిమెంట్, ఆ డ్రమ్ములోని అడిటివ్‌లు తీసుకుని పరీక్ష చేయించండి. ఈశాన్య రుతుపవనాల నెలల్లో సైలోలో తేమకి ఉండలు కట్టిన సిమెంట్ కూడా చూడాలి. అది కట్టర్‌లో ఇరుక్కుని సాంద్రత ఊగిసలాడుతుంది.

సాంద్రతను ప్రెజరైజ్డ్ బాలెన్స్ మీద కొలవాలి, సాధారణ బాలెన్స్ మీద గాలిబుడగలు మోసం చేస్తాయి. 1.90 కావలసింది 1.80కి పడిందంటే నీరు 44 శాతం నుంచి దాదాపు 54కి పోయినట్టు. ఫ్రీ వాటర్ పెరుగుతుంది, బలం తగ్గుతుంది. అంత పలచన వచ్చిన స్లర్రీని పంపి "సగటు 1.88" అని రిపోర్టు రాయడంలో అర్థం లేదు. షూ దగ్గర నిలబడేది సగటు కాదు, చివర్లో పంపిన స్లర్రీ.

పీడనాల లెక్క

ప్లగ్ కాలర్ మీద కూర్చునే (బంప్ అయ్యే) క్షణంలో బావి బయటి వైపు ఇలా ఉంటుంది: పై నుంచి 700 మీటర్లు మడ్, తర్వాత 600 మీటర్లు స్పేసర్, కింద 1200 మీటర్లు సిమెంట్. అడుగున సమాన సాంద్రత 1.62. ఘర్షణ కలిపి 1.68 నుంచి 1.70 దాకా పోతుందనుకుందాం. లీక్ ఆఫ్ టెస్ట్ (ఫార్మేషన్ ఎంత బరువు తట్టుకుంటుందో చూసే పరీక్ష) 1.75 ఇచ్చి ఉంటే పర్వాలేదు. 1.65 మాత్రమే ఇచ్చి ఉంటే ఈ డిజైన్‌తో పని మొదలెట్టకూడదు. పైభాగానికి తేలికైన లీడ్ (ముందు పోయే) స్లర్రీ పెట్టండి, లేదా సిమెంట్ పైకొస తగ్గించండి. వేగం తగ్గించి నెట్టుకొద్దాం అనే మూడో దారి మడ్ తొలగింపును బలి పెడుతుంది.

లోపలి వైపు కాలర్ దాకా 1.25 మడ్. బయటి బరువుకీ లోపలి బరువుకీ తేడా 90 బార్, 1300 పి.ఎస్.ఐ. దీన్ని గుర్తుంచుకోండి. ఇది చివర్లో గేజ్ మీద కనిపించాల్సిన లిఫ్ట్ పీడనం, ఫ్లోట్ వాల్వులు ఆపాల్సిన పీడనం కూడా. ఆఖరి నిమిషాల్లో పంపు నెమ్మదించాక గేజ్ 900 దగ్గరే ఉంటే సిమెంట్ అనుకున్న ఎత్తుకి ఎక్కలేదు. ఎక్కడో నష్టపోయింది.

ప్లగ్గులు, సిమెంటింగ్ హెడ్

రెండు ప్లగ్గుల పద్ధతి కాలిఫోర్నియాలో పెర్కిన్స్ 1910లో మొదలెట్టింది. నూరేళ్ళు దాటినా పని తీరు అదే. కింది ప్లగ్‌కి లోపల పొర ఉంటుంది, కాలర్ మీద కూర్చున్నాక 200 నుంచి 400 పి.ఎస్.ఐ. దగ్గర పగిలి సిమెంట్‌ను వదులుతుంది. పై ప్లగ్ గట్టిది, పగలదు, ఆపుతుంది.

కింది ప్లగ్ లేకుండా నడిపించేద్దాం అనేవాళ్ళకి ఒక లెక్క. కేసింగ్ లోపలి గోడకి అర మిల్లీమీటర్ మడ్ పొర అంటుకుని ఉందనుకోండి. 2476 మీటర్ల పొడవుకి అది 610 లీటర్లు. పై ప్లగ్ దాన్నంతా గీకి తన ముందు పోగు చేసుకుని షూ ట్రాక్‌లోకి నెడుతుంది. షూ ట్రాక్ పట్టేది 465 లీటర్లు. అంటే షూ ట్రాక్ నిండా మడ్ కలిసిన సరుకు, మిగతాది షూ చుట్టూ. అన్నిటికంటే మంచి సిమెంట్ ఉండాల్సిన చోటు అదే.

ప్లగ్గులు హెడ్‌లో పెట్టేటప్పుడు కంపెనీ ప్రతినిధి స్వయంగా చూడాలి. తలకిందులైతే, అంటే గట్టి ప్లగ్ ముందు పోతే, అది కాలర్ మీద కూర్చుని దారి మూసేస్తుంది, సిమెంటంతా కేసింగ్ లోపలే ఉండిపోతుంది. రంగుని నమ్మొద్దు, తయారీదారుని బట్టి రంగులు మారతాయి. బొటనవేలితో నొక్కి పొర ఉన్నదేదో తెలుసుకోండి. పిన్ లాగాక హెడ్ మీద టెల్‌టేల్ మీట తిరగాలి. తిరగకపోతే ప్లగ్ ఇంకా హెడ్‌లోనే ఉంది.

వరుస: మడ్ తిప్పడం, వాష్, స్పేసర్, కింది ప్లగ్, స్లర్రీ, పై ప్లగ్, డిస్‌ప్లేస్‌మెంట్. రెండు కింది ప్లగ్గులు పట్టే హెడ్ ఉంటే మొదటిది స్పేసర్ ముందు. తిప్పడం ఆపి హెడ్ బిగించి లైన్ టెస్ట్ చేసే వ్యవధి పది నిమిషాలు మించకుండా అంతా ముందే సిద్ధం చేసుకోవాలి. ఆగిన ప్రతి నిమిషం మడ్‌కి జెల్ కట్టుకునే అవకాశం.

ఫ్రీ ఫాల్: నష్టం కాని నష్టం

స్లర్రీ మొత్తం కేసింగ్‌లోకి వెళ్ళాక లోపల 890 మీటర్ల పొడవు సిమెంట్, 410 మీటర్ల స్పేసర్ ఉంటాయి. బయటంతా ఇంకా మడ్డే. ఈ తేడా 67 బార్. పంపుతో పని లేకుండా స్లర్రీ తన బరువుకి తానే కిందికి జారుతుంది. గేజ్ సున్నాకి వస్తుంది, హెడ్ దగ్గర వాక్యూమ్ లాగుతుంది, ఫ్లోలైన్‌లో (మడ్ బయటికి వచ్చే గొట్టంలో) మనం పంపేదానికంటే ఎక్కువ మడ్ వస్తుంది.

తర్వాత ఇది అడ్డం తిరుగుతుంది. కేసింగ్ పైభాగంలో ఏర్పడ్డ ఖాళీని పంపు నింపుతున్నంతసేపూ ఫ్లోలైన్ సన్నబడుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. సరిగ్గా ఇక్కడే షేకర్ దగ్గర ఉన్నవాళ్ళు "లాస్ సార్!" అని కేక వేస్తారు, డ్రిల్లర్ పంపు తగ్గిస్తాడు. ఆ తగ్గించడమే తప్పు. ముందే సిమ్యులేషన్‌లో ఫ్రీ ఫాల్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో చూసి, రిగ్గు మీద అందరికీ చెప్పాలి. పిట్ లెవెల్‌లో మొత్తం పంపిందీ మొత్తం వచ్చిందీ పోల్చండి. ఖాళీ పూర్తిగా నిండాక కూడా రెండూ కలవకపోతే అది నిజమైన లాస్. అప్పుడు మాత్రమే వేగం తగ్గించే మాట.

డిస్‌ప్లేస్‌మెంట్: స్ట్రోకుల లెక్కలో దాగిన మూడు శాతం

ఫ్లోట్ కాలర్ దాకా 48.0 ఘనపు మీటర్లు. హెడ్ నుంచి పంపు దాకా లైన్ల వాల్యూమ్ వేరే కలపాలి. రిగ్గు ట్రిప్లెక్స్ పంపు, 6½ అంగుళాల లైనర్, 12 అంగుళాల స్ట్రోక్ అయితే నూరు శాతం సామర్థ్యంతో స్ట్రోకుకి 19.6 లీటర్లు. 96 శాతం అని రాసుకుంటే 18.8, కావలసిన స్ట్రోకులు 2552.

నిజంగా పంపు 93 శాతమే ఇస్తోందనుకోండి. 2552 స్ట్రోకులు అయ్యేసరికి పంపింది 46.5 మాత్రమే. ప్లగ్ కాలర్‌కి 77 మీటర్ల పైన ఉంది. బంప్ కాలేదు, లెక్క ప్రకారం పంపాల్సింది అయిపోయింది. ఇప్పుడేం చేయాలి? నియమం ప్రకారం షూ ట్రాక్ వాల్యూమ్‌లో సగం వరకే అదనంగా పంపొచ్చు, అంటే 230 లీటర్లు, 12 స్ట్రోకులు. అక్కడితో ఆపితే కేసింగ్ లోపల కాలర్ పైన 60 మీటర్లకి పైగా సిమెంట్, దాన్ని డ్రిల్ చేయాలి. ఆపకుండా ధైర్యం చేసి పంపుతూ పోతే, ప్లగ్ ఒకవేళ కారుతుంటే షూ చుట్టూ ఉన్న సిమెంట్‌ను మడ్‌తో తోసేసినట్టే. మూడు శాతం పొరపాటు 1.5 ఘనపు మీటర్లు, షూ ట్రాక్‌కి మూడింతలు.

అందుకని ముందు రోజే రిగ్గు పంపుని ట్రిప్ ట్యాంకుతో కొలిచి అసలు సామర్థ్యం రాసుకోండి. ఇంకా మంచిది, సిమెంటింగ్ యూనిట్ కొలత ట్యాంకులతోనే డిస్‌ప్లేస్ చేయడం. నెమ్మదిగా అవుతుంది గానీ బ్యారెల్ బ్యారెల్ లెక్క తేలుతుంది. రెండూ వాడితే, స్ట్రోక్ కౌంటర్‌ని ఒకరు, ట్యాంకుని ఒకరు, పిట్ లెవెల్‌ని ఒకరు రాసుకోవాలి. ముగ్గురూ ఒకే కాగితం చూసి రాస్తే ఉపయోగం లేదు.

వేగం నిమిషానికి 0.8 దగ్గర నిలకడగా ఉంచండి. చివరి 2 ఘనపు మీటర్లకి 0.3కి తగ్గించండి. పూర్తి వేగంతో ప్లగ్ కాలర్‌ని గుద్దితే పీడనం ఎగసి కేసింగ్‌నో కాలర్‌నో దెబ్బతీస్తుంది.

బంప్, ఫ్లోట్ పరీక్ష

ఆఖరి లిఫ్ట్ పీడనం మీద 500 పి.ఎస్.ఐ. పెంచి 5 నుంచి 10 నిమిషాలు నిలపండి. కేసింగ్ ప్రెజర్ టెస్ట్ చేయాల్సి ఉంటే ఇప్పుడే, సిమెంట్ పచ్చిగా ఉండగానే చేయడం మేలు. గట్టిపడ్డాక చేస్తే కేసింగ్ ఉబ్బి, తగ్గినప్పుడు సన్నటి సందు మిగులుతుంది.

తర్వాత పీడనం వదలండి. నలిగిన మడ్ వ్యాకోచించి 300 నుంచి 400 లీటర్లు వెనక్కి వస్తుంది, తర్వాత ఆగాలి. సిమెంటింగ్ యూనిట్ ట్యాంకులో కొలవండి. ధార సన్నబడి ఆగితే ఫ్లోట్లు పట్టాయి. ఆగకుండా వస్తుంటే ఫ్లోట్లు కారుతున్నాయి, 90 బార్ తేడా సిమెంట్‌ను కేసింగ్‌లోకి తోస్తోంది. వెనక్కి వచ్చినంత మాత్రమే తిరిగి పంపి, లిఫ్ట్ పీడనం దగ్గర మూసి, సిమెంట్ పట్టేదాకా ఉంచండి. బంప్ పీడనంతో మూయొద్దు, పైన చెప్పిన సందే వస్తుంది. వేడికి లోపలి ద్రవం వ్యాకోచించి పీడనం పెరుగుతుంది కూడా, ఎవరో ఒకరు గేజ్ చూస్తూ ఎక్కువైనది వదులుతుండాలి.

నిలబడ్డాక

గోదావరి జిల్లాల్లో బ్లోఅవుట్ అంటే 1995 పాశర్లపూడి మంటలు ఇప్పటికీ జనానికి గుర్తే. అది డ్రిల్లింగ్ దశలో జరిగింది. సిమెంట్ తర్వాత గ్యాస్ వచ్చే తీరు వేరు, మెల్లగా వస్తుంది. ఆగిన స్లర్రీకి జెల్ బలం పెరిగేకొద్దీ అది గోడలకి ఆనుకుని కింద పొర మీద తన బరువు మోపడం తగ్గిస్తుంది. సుమారు 48 పాస్కల్స్ నుంచి 240 పాస్కల్స్ దాకా జెల్ పెరిగే వ్యవధే ప్రమాదకరం, అది 45 నిమిషాలు దాటకూడదు. ల్యాబ్‌లో ఈ పరీక్ష అడగండి, ఫ్లూయిడ్ లాస్ కూడా గ్యాస్ పొరలకి 50 మిల్లీలీటర్ల లోపు ఉంచండి.

సిమెంట్ 500 పి.ఎస్.ఐ. బలం చేరేదాకా డ్రిల్ చేయడం, బి.ఓ.పి. (బ్లోఅవుట్ ఆపే వాల్వుల వరుస) ఎత్తడం వద్దు. టైమ్‌ని కేలండర్ చూసి కాదు, అల్ట్రాసోనిక్ బలం పరీక్ష చార్టు చూసి నిర్ణయించండి.

బాండ్ లాగ్ (సిమెంట్ పైపుకి అంటిందో లేదో ధ్వనితో చూసే కొలత) సాధారణంగా 48 నుంచి 72 గంటల తర్వాత. 7 అంగుళాల ఖాళీ పైపుకి 3 అడుగుల రిసీవర్ మీద ఆంప్లిట్యూడ్ 62 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. ముందు సిమెంట్ లేని పైభాగంలో ఆ అంకె వస్తోందో లేదో చూడండి. రాకపోతే పరికరం కాలిబ్రేషనో, మధ్యలో నిలవడమో తప్పు, కింది అంకెలేవీ నమ్మక్కర్లేదు. ఆంప్లిట్యూడ్ మధ్యరకంగా ఉండి, వి.డి.ఎల్. (ధ్వని తరంగాల చిత్రం) మీద కేసింగ్ గీతలూ ఫార్మేషన్ గీతలూ రెండూ కనిపిస్తే రెండు అనుమానాలు: చానెల్, లేదా సన్నటి సందు. తేల్చుకోవడానికి కేసింగ్‌లో 1000 పి.ఎస్.ఐ. పెట్టి అదే భాగాన్ని మళ్ళీ లాగ్ చేయండి. పైపు ఉబ్బి సందు మూసుకుంటే ఆంప్లిట్యూడ్ పడిపోతుంది. అప్పుడు స్క్వీజ్ అనవసరం, ఆ సందులోకి సిమెంట్ దూరదు కూడా. అంకె కదలకపోతే చానెల్. అల్ట్రాసోనిక్ లాగ్‌తో అది ఏ వైపు ఉందో చూసి, చానెల్ పొడవు రెండు పొరలను కలుపుతోందో లేదో తేల్చుకుని, కలిపితేనే పెర్ఫరేట్ చేసి (కేసింగ్‌కి చిల్లులు పెట్టి) స్క్వీజ్‌కి వెళ్ళండి.